నీళ్ళు కట్టని నెలలు

వానలు వెనకబడి, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునే రోజులు మొదలవగానే నాన్న మోటారు గదికి తాళం వేసేవాడు. తాళంచెవి చొక్కా జేబులో ఉండేది. మళ్ళీ పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా ఆ తలుపు తెరుచుకునేది కాదు. బావిలోకి తొంగిచూస్తే నీళ్ళు నిండుగా ఉండేవి. చెట్ల కింద చూస్తే నేల నెర్రెలిచ్చి ఉండేది. నీళ్ళు ఉంచుకుని కూడా చెట్టుకి కట్టకపోవడం ఏమిటో చిన్నప్పుడు నాకు అసలు అర్థమయ్యేది కాదు. నాన్న మీద కోపం కూడా వచ్చేది.

మాది మామిడి తోట. తాతయ్య వేశాడు, నాన్న పెంచాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. అయిదెకరాలు. పాత పద్ధతిలో చెట్టుకీ చెట్టుకీ మధ్య పది మీటర్ల ఎడం, అంటే ఎకరానికి నలభై చెట్లు. ఎక్కువ భాగం బంగినపల్లి. రెండు వరసలు చిన్న రసాలు, ఒక వరస తోతాపురి, గట్టు వెంట నీలం. మొక్కలు నాటిన కొత్తలో చూసినవాళ్ళంతా "మధ్యలో ఇంత ఖాళీ ఎందుకు వదిలేశావు?" అని తాతయ్యని అడిగేవాళ్ళట. నాకు ఊహ తెలిసేసరికి ఆ ఖాళీ లేదు. కొమ్మలూ కొమ్మలూ కలుసుకుని, మిట్టమధ్యాహ్నం కూడా కింద చల్లగా ఉండేది. తాతయ్య గుంటలు తీసింది ముప్పై ఏళ్ళ తర్వాతి చెట్ల కొలతకి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక డిసెంబర్ నెలలో, నేనూ అన్నయ్యా ఒక పని చేశాం.

బావి పక్కన ఒక బంగినపల్లి ఉండేది. బావి చెట్టు అనేవాళ్ళం. మేం ఎక్కి ఆడుకునేది దాని మీదే. ఆ చలికాలం దాని ఆకులు నలుపు తిరిగిన పచ్చరంగుకి వచ్చి, నీరసంగా కిందికి వాలి కనిపించాయి. "అన్నయ్యా, పాపం దానికి దాహమేస్తోంది" అన్నాను. అన్నయ్య చేద అందుకున్నాడు, నేను బకెట్ పట్టుకున్నాను. నాన్న తోట ఆ చివర ఉన్నంతసేపూ తోడి తోడి పాదులో పోశాం. రోజుకి ఇరవై, పాతిక బకెట్లు. తడి కనబడకుండా పైన ఎండుటాకులు పరిచేవాళ్ళం. దాదాపు మూడు వారాలు అలా చేశాం. చేతులు బొబ్బలెక్కాయి, అవి చిట్లాయి, మళ్ళీ ఎక్కాయి. అమ్మ అడిగితే ఉయ్యాల తాడు ఒరుసుకుందని చెప్పాం.

జనవరిలో బావి చెట్టు చిగురేసింది. చెట్టు నిండా రాగి రంగు చిగురు, తడి తడిగా మెరుస్తూ, తాకితే వేళ్ళకి అంటుకునేంత మెత్తగా. తోటంతా నల్లగా, మొండిగా నిలబడి ఉంటే ఆ ఒక్క చెట్టే కొత్త బట్టలు కట్టుకున్నట్టు ఉంది. మేమిద్దరం లోలోపల పొంగిపోయాం. ఎవరికీ చెప్పుకోలేని సంతోషం అది.

ఇంకో మూడు వారాలకి మిగతా చెట్ల కొమ్మల కొసల్లో మొగ్గలు ఉబ్బాయి. ముందు పెసర గింజంత, తర్వాత మిరపకాయంత, ఆ తర్వాత ఎర్రటి కాడల మీద చీలి చీలి పూత. తోటలోకి అడుగుపెడితే వాసనకి తల తిరిగేది. బావి చెట్టు మీద మాత్రం ఆకులే. ఎంత వెతికినా ఆకులే.

నాన్న ఒక సాయంత్రం మమ్మల్ని దాని కిందికి పిలిచాడు. ఇద్దరి అరచేతులూ తిప్పి చూశాడు. బొబ్బలు మానిన చోట చర్మం ఇంకా గట్టిగానే ఉంది. తిట్టలేదు. పక్క చెట్టు నుంచి ఒక ఆకు కోసి నా పిడికిట్లో పెట్టి "నలుపు" అన్నాడు. నలిపితే గలగలమని ముక్కలైంది. తర్వాత బావి చెట్టు ఆకు ఒకటి పెట్టాడు. అది గుడ్డ పేలికలా మడత పడింది కానీ విరగలేదు.

"ఆకు ఇలా గలగల్లాడాలమ్మా" అన్నాడు. "అప్పుడు కొమ్మకి తెలుస్తుంది, ఇక పెరిగే కాలం అయిపోయిందని. మీరు నీళ్ళు పోసేసరికి ఇది ఇంకా వానాకాలమే అనుకుంది."

అంతే చెప్పాడు. ఆ తర్వాత చదువుకున్నప్పుడు ఇదే విషయం పుస్తకం భాషలో కనిపించింది. మామిడి కొమ్మ కొసన ఉన్న మొగ్గ ఆకు అవుతుందా, పూత అవుతుందా అనేది చలికాలంలో తేలుతుంది. కొమ్మ కొన్ని నెలల వయసుది అయి ఉండాలి. రాత్రిళ్ళు చల్లగా ఉండాలి, నేలలో తడి తగ్గాలి. ఆ రెండు మూడు నెలలు ఎదుగుదల ఆగితేనే మొగ్గ పూత వైపు తిరుగుతుంది. ఆ సమయంలో నీరో, నత్రజనో అందితే చెట్టు మళ్ళీ ఆకు వేసుకుంటుంది. చదువుతున్నంతసేపూ నా చెవిలో ఆ ఆకు గలగలే.

ఆ వేసవిలో కోత రోజున నిచ్చెన ఒక్కో చెట్టు దగ్గరా ఆగుతూ వచ్చి, బావి చెట్టు దగ్గర ఆగకుండా ముందుకి వెళ్ళిపోయింది. నేను చెట్టు మొదట్లో నిలబడి చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

తోట రైతు అంటే పొద్దస్తమానం ఏదో ఒకటి చేస్తూ ఉండేవాడని అందరూ అనుకుంటారు. చేసే పని చాలానే ఉంది, కాదనను. కోతలు అవగానే ఎండుకొమ్మలు తీయాలి, చెట్టు నడుమకి వెలుతురు పడేలా అడ్డం వచ్చిన రెమ్మలు కొట్టాలి. చెట్టు కొమ్మ మీదే మొలిచి దాని రసం పీల్చే బదనిక కనిపిస్తే అది పాతుకున్న చోటుకి కిందగా కొమ్మతో సహా తీసెయ్యాలి. పిట్టలు దాని పండు తిని, జిగురు గింజని ఇంకో కొమ్మకి రాసి వెళ్తాయి. పూస్తే ఎంత అందంగా ఉంటుందో బదనిక! నాకు చాలా ఏళ్ళు దాన్ని కొట్టడానికి మనసొప్పేది కాదు. వానలకి ముందు పాదులు చెయ్యాలి, ఎరువు వెయ్యాలి. ఎరువు మొదట్లో పోస్తే లాభం లేదు, కొమ్మల అంచు నీడ పడే చోట గాడి తీసి వెయ్యాలి. చెట్టు తినే వేళ్ళు అక్కడుంటాయి. ఇవన్నీ కూలీలతో పాటు నాన్న కూడా చేసేవాడు.

అయినా నాన్నని తల్చుకుంటే నాకు గుర్తొచ్చేది ఆయన చేయి ఆపుకున్న సందర్భాలే. మోటారు గది తాళం వాటిలో ఒకటి.

పూత కాలంలో ఇంకొకటి. ఒకసారి నాన్న తెల్లగుడ్డ పరిచి, ఒకే ఒక్క పూగుత్తి కోసి మా ముందు పెట్టి "ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టండి" అన్నాడు. వెయ్యి దాటాక మేం చేతులెత్తేశాం. అందులో చాలావరకు మగపూలే ఉంటాయి. కాయ కట్టగలిగిన పూలు కొన్నే. వాటిలో పిందెగా మారేవి ఇంకా తక్కువ, చివరిదాకా నిలిచేవి నూటికి ఒకటి కూడా ఉండవు. ఒక గుత్తికి ఒక్క కాయ నిలిచినా కొమ్మ వంగిపోతుంది. ఆ ఒక్కటి నిలవాలంటే ఈగలు కావాలి. మామిడి పూత మీద పనిచేసేది తేనెటీగలకంటే ఎక్కువగా ఈగలే. వంటింట్లో మనం విసనకర్రతో తోలే ఈగలు, తోటలో మా అన్నదాతలు.

తేనెమంచు పురుగు అదే సమయంలో వస్తుంది. గోధుమ గింజంత కూడా ఉండదు. పూత కాడల్లో రసం పీల్చి, ఆకుల మీద తీపి జిగురు వదుల్తుంది. దాని మీద మసి పట్టి ఆకులు నల్లగా అయిపోతాయి. చెట్టు కింద నడిస్తే చెప్పులు అంటుకుంటాయి, పురుగులు వాన చినుకుల్లా టపటపమని ముఖానికి కొడతాయి. దానికి మందు మొగ్గ పగిలేటప్పుడు ఒకసారి కొట్టాలి, పిందె పడ్డాక అవసరమైతే మళ్ళీ. పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు కొట్టకూడదు. ఇది నాన్నకి తెలుసు. తెలిసి కూడా ఒక ఏడాది, మంచు ఎక్కువై పురుగు విపరీతంగా లేచినప్పుడు, మందులమ్మే ఒకాయన మాట విని నిండు పూతలో కొట్టించాడు. పురుగు పోయింది. పూత కడిగిన ముత్యంలా నిలిచింది. కానీ మర్నాడు పొద్దున తోట ఎంత నిశ్శబ్దంగా ఉందో! పూత కాలంలో చెట్టు కింద నిలబడితే ఎప్పుడూ ఒక రొద వినిపిస్తుంది. అది అలవాటైపోయి విన్నట్టే ఉండదు. ఆ రోజు అది లేదు. నాన్న వరస చివర దాకా నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి వచ్చి, మోటారు గది గట్టు మీద కూర్చున్నాడు. ఆ ఏడాది పిందె చాలా పల్చగా పడింది. "కంగారు పడ్డాను" అని అమ్మతో అనడం విన్నాను. ఆయన నోటి వెంట ఆ మాట వినడం అదే మొదలు.

పిందెలు పడ్డాక రాలడం మొదలవుతుంది. పొద్దున్నే లేచి చూస్తే చెట్టు కింద పచ్చటి పూసలు చల్లినట్టు ఉండేవి. నేను గౌను నిండా ఏరి తెచ్చి నాన్నకి చూపించేదాన్ని, ఏదైనా చెయ్యమని. "మోయగలిగినన్నే ఉంచుకుంటుందమ్మా, చెట్టుకి తెలుసు" అనేవాడు. అప్పుడు మోటారు గది తాళం తీసేవాడు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి కాలవలో నీళ్ళు పారుతుంటే, నెర్రెల్లోకి అవి గుటగుటమని దిగే చప్పుడు నాకు ఇప్పటికీ ప్రాణం. నేనూ అన్నయ్యా కాలవకి ముందు పరిగెత్తేవాళ్ళం, నీళ్ళు మమ్మల్ని పట్టుకోకుండా.

మా ఇంట్లో ఏడాది అంటే పన్నెండు నెలలు కాదు, ఇరవై నాలుగు. బంగినపల్లి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు అలసిపోయి ఊరుకుంటుంది. కాయ మోసిన కొమ్మ మళ్ళీ బలం పుంజుకుని కొత్త చిగురు వెయ్యాలి, ఆ చిగురు ముదరాలి. అప్పటికి చలికాలం దాటిపోతుంది. అమ్మ దగ్గర ఒక పొడుగు లెక్కల పుస్తకం ఉండేది. అందులో ఎడమ పేజీ కాపు ఏడు, కుడి పేజీ ఖాళీ ఏడు. కాపు ఏడు చేతిలో డబ్బు ఆడుతుంటే అందరిళ్ళలో కొత్త సామాన్లు వచ్చేవి, మా ఇంట్లో అమ్మ కుడి పేజీ తెరిచి కూర్చునేది. మా ఇద్దరి కాలేజీ ఫీజులు ఆ కుడి పేజీలోనివే. నాన్న చెట్లని కాచాడు, సరే. చెట్లు కాయని ఏళ్ళలో మమ్మల్ని కాచింది అమ్మ. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరూ అమ్మతో అన్నట్టు నాకు గుర్తు లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నీలం మాత్రం ఏటా కాసేది. ఎంతో కొంత, తప్పకుండా. ఆ గుణం కోసమే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్ళు నీలాన్ని దశేరితో కలిపి రెండు కొత్త రకాలు తీశారు. నీలం తల్లి, దశేరి తండ్రి అయితే మల్లిక. దశేరి తల్లి, నీలం తండ్రి అయితే ఆమ్రపాలి. రెండూ 1970లలో బయటికి వచ్చినవే. అదే జంట, స్థానాలు మాత్రం మారాయి. పుట్టినవి చూస్తే మల్లిక కాయ పెద్దది, ఆమ్రపాలి చెట్టే పొట్టిది. నాన్న ఎక్కడో చదివి ఈ సంగతి మాకు చెబుతూ చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోయాడు. తర్వాత గట్టు పక్కన నాలుగు ఆమ్రపాలి అంట్లు తెచ్చి వేశాడు. అవి ఇప్పటికీ నా భుజం కంటే కొంచెం ఎత్తులో గుత్తులు గుత్తులుగా కాస్తాయి.

ఖాళీ ఏడు కూడా కాయించే మందు ఒకటి వచ్చింది, పాక్లోబ్యుట్రజాల్. చెట్టు మొదట్లో నేలకి పోస్తే ఎదుగుదల హార్మోను తయారవకుండా ఆపి పూత తెప్పిస్తుంది. అన్నయ్య పట్టుబట్టి ఒక వరసకి పోయించాడు. పూసింది, కాసింది కూడా. మోతాదు ఎక్కువ పడ్డ రెండు చెట్లకి మాత్రం ఆ తర్వాత వచ్చిన చిగుళ్ళు పొట్టిగా, ముద్దగా వచ్చాయి. కొలత ప్రకారం వేసి, ఎరువూ నీరూ బాగా ఇచ్చుకునేవాళ్ళకి అది పనికొచ్చేదే. నాన్న ఆ రెండు చెట్ల దగ్గర నిలబడి చాలాసేపు రెమ్మలు తడిమి చూశాడు. మళ్ళీ వెయ్యలేదు.

కాయ ఎదిగే రోజుల్లో రాత్రి కాపలా ఉండేది. మంచె మీద నాన్న, ఒక్కోసారి పక్కన నేను. గబ్బిలాలు రెక్కలు కొట్టుకుంటూ వచ్చేవి. ఎక్కడో దబ్బుమని కాయ పడేది. నాన్న కళ్ళు తెరవకుండానే "మూడో వరస, రసం" అనేవాడు. పొద్దున చూస్తే అది మూడో వరసే, రసమే. బంగినపల్లి పడితే బరువుగా ఒకే చప్పుడు, రసం పడితే ఆకుల్లోంచి జారుతూ వచ్చి మెత్తగా. నేను ఆ తేడా పట్టుకోవడానికి పదేళ్ళు పట్టింది.

ఒక కాపు ఏడు, కోతకి ఇంకో పది రోజులుందనగా, సాయంత్రం గాలి లేచింది. ఇరవై నిమిషాలు. వాన పెద్దగా లేదు, గాలే. ఆగాక లాంతరు పట్టుకుని వెళ్ళాం. కాలు పెట్టే చోటు లేకుండా కాయలు. నాన్న ఒక్కొక్కటీ ఏరి గంపల్లో పెట్టించాడు, చెట్టు మీద మిగిలినవి విడిగా కోయించాడు. వ్యాపారి వచ్చి రెండూ కలిపేద్దాం, తేడా తెలీదు కదా అన్నాడు. నిజమే, ఆ రోజుకి తెలీదు. రాలిన కాయ లోపల కమిలి ఉంటుంది. మాగేటప్పుడు ఆ కమిలిన చోట నల్లబడి కుళ్ళుతుంది. నాన్న రాలినవాటిని రాలిన కాయలుగానే అమ్మాడు. వచ్చింది నామమాత్రం. అమ్మ ఎడమ పేజీలో ఆ అంకె వేసి, కాసేపు పెన్ను అలాగే పట్టుకుని కూర్చుంది.

కోత ఎప్పుడన్నది తోటలో పెద్ద టెన్షన్. ముందు దించినవాళ్ళకి మంచి రేటు. వ్యాపారులు రోజూ వచ్చి దించమని పోరు పెట్టేవాళ్ళు. నాన్న ఒక బకెట్ నిండా నీళ్ళు తెప్పించి, నాలుగు దిక్కుల నుంచి ఒక్కో కాయ కోయించి అందులో వేసేవాడు. ముదిరిన కాయ మునుగుతుంది, లేత కాయ తేలుతుంది. మేమంతా చుట్టూ మూగి చూసేవాళ్ళం. ఒక కాయ వేస్తే బుడుంగుమని కిందికి పోయి, కొంచెం ఊగి, అడుగున ఆగేది. ఇంకొకటి సగం మునిగి మళ్ళీ పైకొచ్చి భుజం చూపించేది. నాలుగింట్లో ఒకటి తేలినా నాన్న బకెట్ వంపేసి "ఇంకో వారం" అనేవాడు. వ్యాపారి ముఖం చూడకుండా తోటలోకి వెళ్ళిపోయేవాడు. తేలిన కాయని కోసి నాకు చూపించేవాడు. కండ తెల్లగా ఉంటుంది, టెంక ఇంకా కత్తికి లొంగుతుంది. ముదిరినదానికి టెంక చుట్టూ కండ లేత పసుపుకి తిరుగుతుంది, తొడిమ దగ్గర భుజాలు పైకి లేచి చిన్న గుంట పడుతుంది. ఇప్పుడు నేను భుజాలు చూసే చెప్పగలను. అయినా బకెట్ తెప్పిస్తాను.

కోతకి వచ్చే పెద్దాయన్ని బాబాయ్ అని పిలిచేవాళ్ళం. ఆయన చిక్కం పడితే కాయకి తెలియకుండా దించుతాడనేవాళ్ళు. గడ చివర చిన్న కత్తి, దాని కింద వల సంచి. కాయ వలలో కూర్చున్నాక, బెత్తెడు తొడిమ వదిలి ఒక్క లాగు. తొడిమ లేకుండా ఊడితే సొన చిమ్ముతుంది. సొన పడిన చోట తొక్క కాలి నల్ల చార పడుతుంది, ఎంత మంచి కాయైనా అంతే సంగతులు. కింద మేం తొడిమలు విరిచి, కాయల్ని తలకిందులుగా వెదురు తడికెల మీద వరసగా పెట్టేవాళ్ళం, సొన నేలకి కారిపోయేలా. చేతులకి, మెడకి, పెదాల పక్కన సొన పుళ్ళు. బాబాయ్ చెట్టు మీది నుంచే "పాపా, కళ్ళు రుద్దుకోకు!" అని అరిచేవాడు. రోజుకి ఎన్నిసార్లో. ప్రతి చెట్టుకీ నడినెత్తిన రెండు మూడు కాయలు వదిలేసేవాడు. అందకపోవడం వల్ల కాదు. "చిలకలవి" అనేవాడు.

మాగబెట్టే గదిలో వరిగడ్డి పరిచి, ఒక వరస కాయలు, మళ్ళీ గడ్డి. తలుపు వేస్తే లోపల వెచ్చగా, ఊపిరి ఆడనంత తియ్యటి వాసన. రోజు విడిచి రోజు నాన్న లోపలికెళ్ళి ఒక్కో కాయనీ బొటనవేలితో తడిమేవాడు. గట్టిగా నొక్కేవాడు కాదు, పసిపిల్లల బుగ్గ తాకినట్టు. కార్బైడ్ పొట్లాలు పెడితే త్వరగా రంగొచ్చేస్తుంది. చాలామంది పెట్టారు. అందులో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉంటాయని, ఆరోగ్యానికి హాని అని మన దేశంలో పండ్లకి దాని వాడకం నిషేధించారు. ఇప్పుడు ఇథిలీన్ గ్యాస్ గదులు వచ్చాయి. కాయ మాగేటప్పుడు తనంతట తాను వదిలేది ఆ వాయువునే కాబట్టి నాకూ దానితో పేచీ లేదు. నాన్న మాత్రం చివరిదాకా ఇంటివరకు గడ్డిలోనే మాగబెట్టాడు.

ఇక నా చెట్టు సంగతి.

ఆరేళ్ళప్పుడు, బావి చెట్టు పండు తిని, టెంక కడిగి, మోటారు గది వెనక పాతాను. మొలిచింది. నాన్న చూసి దాని చుట్టూ ముళ్ళకంప కట్టాడు, మేకలు తినకుండా. టెంక నాటితే తల్లి చెట్టు కాయ రాదని నాన్నకి తెలుసు. బంగినపల్లి టెంకలో ఉండేది ఒకే పిండం, అది తల్లీ తండ్రీ కలిసి పుట్టిందే. ఎవరి పోలిక వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే అంటు కడతారు. నాన్న నాతో ఆ మాట అనలేదు. అంటు మొక్క నాలుగో ఏటికి కాస్తుంది, నాది తొమ్మిదేళ్ళు తీసుకుంది. తొమ్మిదేళ్ళూ నేను వచ్చిన వాళ్ళందరికీ "ఇది నా బంగినపల్లి" అని చూపించాను. నాన్న పక్కనే ఉండి తలూపేవాడు.

మొదటి కాపుకి పదకొండు కాయలు. చిన్నవి, పుల్లవి, నిండా పీచు. పళ్ళలో ఇరుక్కున్న పీచు తీసుకుంటూ నేను ఏమీ మాట్లాడలేదు. నాన్న ఇంకో ముక్క కోసుకుని, టెంక దాకా తిన్నాడు.

రెండేళ్ళ తర్వాత నేనే అడిగాను, దీన్ని మార్చేద్దామని. ఎండాకాలం చివర నాన్న దాని కొమ్మల్ని ఒక్కొక్కటే మొండేలుగా కోసి, కోసిన చోట తెగులు పట్టకుండా బోర్డో పేస్టు పూశాడు. నీలిరంగు పూసిన ఆ మొండేలు చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది. ఒక్క కొమ్మ మాత్రం ఉంచాడు. ఉన్న ఆకంతా తీసేస్తే వేళ్ళకి తిండి ఉండదు, అందుకని ఒకటి వదలాలి. వానలకి మొండేల నుంచి కొత్త రెమ్మలు వచ్చాయి. బావి చెట్టు మీద మూడు నాలుగు నెలల వయసున్న పుల్లలు ఎంచి, పది రోజుల ముందే వాటి ఆకులు కత్తిరించి, కాడలు మాత్రం ఉంచాడు. కొస మొగ్గ ఉబ్బడానికి అలా చేస్తారు.

కత్తి నా చేతికిచ్చాడు. పెన్సిలంత రెమ్మని తల కోసి నడుమకి రెండంగుళాలు చీల్చాను. పుల్ల అడుగు రెండు వైపులా చెక్కి ఆప్పులా చేశాను. మొదటిది ఒంకర పోయింది. "లాగాలి, నొక్కకూడదు. ఒక్క కోతలో అయిపోవాలి" అన్నాడు. మూడోది కుదిరింది. చీలికలోకి దించి, బెరడు బెరడుకి ఒక వైపైనా సరిగ్గా కలిసేలా జరిపాను. నాన్న పాలిథిన్ రిబ్బన్ చుడుతుంటే ఆయన వేళ్ళు కొంచెం వణకడం అప్పుడే మొదటిసారి చూశాను. పద్నాలుగు అంట్లు కట్టాం. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వెళ్ళేదాన్ని, రిబ్బన్ విప్పి చూద్దామని చేతులు దురద పెట్టేవి. నాన్న ఏమీ అనకుండా వెనక నిలబడేవాడు. పద్దెనిమిదో రోజున ఒక మొగ్గ రాగిరంగు నాలుక బయటపెట్టింది. పద్నాలుగింట్లో తొమ్మిది బతికాయి.

అంట్లు పెద్దయ్యాక ఆ వదిలిన పాత కొమ్మని కొట్టెయ్యాలి. అది పద్ధతి. ఆ ఏడాది నాన్న రంపం తీసుకుని వెళ్ళి, కాసేపటికి కొట్టకుండానే తిరిగొచ్చాడు. "ఉండనీ" అన్నాడు. మరుసటి ఏడూ అంతే.

నాన్న పోయి ఆరేళ్ళయింది. మోటారు గది తాళంచెవి ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మోటారు గది వెనక చెట్టుకి మూడు వైపులా బంగినపల్లి కాస్తుంది. పడమర కొమ్మకి మాత్రం చిన్న కాయలు, పుల్లవి, పీచువి. కోతకి వచ్చే కుర్రాళ్ళు ఏటా అడుగుతారు, ఆ కొమ్మ తీసేద్దామా అక్కా అని. చిక్కం దాని దాకా పోనివ్వను. చిలకలు తింటాయి, మిగిలినవి కింద పడతాయి. రాత్రి అవి పడే చప్పుడు రసం చప్పుడులాగే ఉంటుంది, కొంచెం తేలిగ్గా.